లువార్ ఏటిగట్ల మీద సైకిలు: వేసవిలో వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట సైకిళ్ల కోసం వేసిన దారి నెవేర్ పట్నం దగ్గర మొదలై అట్లాంటిక్ ఒడ్డున సాఁ బ్రెవాఁ దాకా సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. అంతా తొక్కేవాళ్లు తక్కువ. ఎక్కువమంది ఓర్లియాఁ నుంచి సోమూర్ దాకా, కోటలు దట్టంగా ఉన్న మధ్య భాగం పట్టుకుంటారు. సుల్లీ నుంచి షాలోన్ వరకూ ఉన్న 280 కిలోమీటర్ల లోయని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొండలు లేవు, దారి పొడవునా గుర్తుల బోర్డులున్నాయి, అద్దె సైకిళ్లు దొరుకుతాయి. యూరప్‌లో చదువుకుంటున్నవాళ్లూ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లూ వారం సెలవు దొరగ్గానే పెద్దగా ఆలోచించకుండా బయల్దేరేస్తారు.

జూలై, ఆగస్టుల్లో ఈ దారిలో అవస్థపడేది కాళ్లలో సత్తువ లేక అనుకుంటే పొరపాటే. వేళ తప్పడం వల్లే చాలా కష్టాలు వస్తాయి. ఎండ ఒక వేళకి, భోజనం ఒక వేళకి, రైలు ఇంకో వేళకి. ఇవి మన అలవాటుతో కలవవు.

నాలుగింటికి ఎండ తగ్గదు

మన లెక్కలో ఎండంటే పన్నెండు నుంచి మూడు. వేసవిలో ఫ్రాన్స్ గడియారం ఈ ప్రాంతంలో సూర్యుడికంటే దాదాపు రెండు గంటలు ముందు నడుస్తుంది. అందుకని టూర్ పట్నంలో పొద్దు నడినెత్తికొచ్చేది మధ్యాహ్నం రెండింటికి. గాలి బాగా వేడెక్కేది సాయంత్రం అయిదు, ఆరు మధ్య. జూన్ చివర్లో పొద్దుగూకేసరికి రాత్రి పది కావస్తుంది. ‘నాలుగైంది, ఇక చల్లబడుతుంది’ అనుకుని సైకిలెక్కినవాళ్లు సరిగ్గా గడ్డువేళలోకే వెళ్తారు.

దానికి తోడు దారి చాలాచోట్ల ‘లెవే’ల మీద పోతుంది. గోదావరి ఏటిగట్టు చూసినవాళ్లకి లెవే అంటే వేరే చెప్పక్కర్లేదు: వరద పొలాల మీద పడకుండా తరతరాలుగా పోసిన కట్ట, పైన రోడ్డు, ఒక పక్క ఏరు, రెండో పక్క పల్లంలో ఇళ్లు. 1846, 1856, 1866 వరదల్లో ఈ గట్లు చాలాచోట్ల తెగాయి. ఏటి ఒడ్డు ఊళ్లలో గోడల మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీత చెక్కి పక్కనే సంవత్సరం వేసి ఉంటుంది. మనిషి ఎత్తు దాటిన గీతలూ కనిపిస్తాయి, ఆగి చూడండి. గట్టు మీద చూపు ఎంత దూరమైనా పోతుంది గానీ నీడ మాత్రం దొరకదు.

‘కోస్తాలో 44 చూసినవాళ్లం, 36 మనకో లెక్కా’ అనే మాట తరచూ వింటుంటాం. విజయవాడలో 44 ఉన్న రోజున పదిహేను కిలోల సామాను కట్టుకుని సైకిలు ఎవరు తొక్కారు? వేడి ముదిరితే ఇక్కడా 40 తాకుతుంది. పల్లెటూరి బసల్లో ఏసీ ఉండడం అరుదు, ఫ్యాను కూడా అడిగితేనే ఇస్తారు. రాత్రి సరిగా నిద్రపట్టని ఒళ్లు మర్నాడు వడదెబ్బకి ఇట్టే దొరికిపోతుంది. 2003 ఆగస్టు వడగాడ్పులకి ఆ దేశంలో దాదాపు 15,000 మంది పోయారు. హెచ్చరికల ఏర్పాటు గట్టిగా పెట్టుకున్నది ఆ తర్వాతే. ఆ దేశపు వాతావరణ శాఖ మెతియో ఫ్రాన్స్ వారి మ్యాపులో జిల్లాలకి ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వేస్తారు. మీరున్న జిల్లా నారింజలోకి వస్తే ఆ రోజు ప్రయాణాన్ని సగానికి తగ్గించండి. ఎరుపైతే సైకిలు బయటికి తీయకండి.

పొద్దున ఆరున్నరకి బయల్దేరి పదకొండున్నరకి ఆపెయ్యడం మంచి పద్ధతి. సామానుతో రోజుకి యాభై కిలోమీటర్లు చాలు. అయితే బసలో ఏడున్నరకి ముందు టిఫిను పెట్టరు కాబట్టి ముందురోజు సాయంత్రమే రొట్టె, పళ్లు కొని పెట్టుకోవాలి, డబ్బు కట్టేసి సైకిలు గది తాళం సంగతి మాట్లాడుకోవాలి. మధ్యాహ్నం కోటలకి వదిలెయ్యండి. షాంబోర్ కోటలో ఆ మందపాటి రాతి గోడల మధ్య, ఎక్కేవాళ్లు దిగేవాళ్లకి ఎదురుపడని జంట మెలికల మెట్ల దగ్గర, బయట మండుతున్న సంగతే గుర్తుండదు. సోమూర్ వైపు తెల్లటి సున్నపురాయి తవ్విన గుహల్లో ద్రాక్షసారా కొట్లున్నాయి. లోపల పన్నెండు, పదమూడు డిగ్రీలే. చెమటతో తడిసిన చొక్కాతో దిగొద్దు, సంచిలో పొడి బట్ట ఒకటి పైనే ఉంచండి.

నాలుగైదు రోజులు బాగా కాసిందంటే చివర ఉరుములతో, ఒక్కోసారి వడగళ్లతో గాలివాన వస్తుంది. గట్టు మీద ఎత్తుగా కనబడేది మీరే. మబ్బు నల్లబడగానే దిగి పక్క ఊరు చేరండి, ఒంటరి చెట్టు కింద నిలబడకండి.

గాలి సంగతీ ఇక్కడే చెప్పాలి. ఏరు పోయే వైపు తొక్కితే సులువనుకుని అందరూ తూర్పు నుంచి సముద్రం వైపు పోతారు. ఎక్కువ రోజులు గాలి పడమటి నుంచే వీస్తుంది, అంటే ముఖానికే. బోర్డులు రెండు వైపులా ఉన్నాయి, పడమట మొదలెట్టి పైకి వస్తే గాలి వీపు తడుతుంది. ఏటి వాలు మీరు గమనించేంత ఉండదు.

పన్నెండున్నర దాటితే

పల్లెల్లో కొట్లు పన్నెండు, పన్నెండున్నరకి మూసి రెండున్నరకో మూడింటికో తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారమంతా చాలా ఊళ్లలో తలుపు తీసి ఉండదు. రొట్టెల కొట్టుకి వారంలో ఒక రోజు సెలవు, అది ఊరికో తీరు. జూలై 14 జాతీయ దినం, ఆగస్టు 15 వాళ్లకీ సెలవే, అయితే మరియమ్మ పండుగకి. హోటల్లో మధ్యాహ్నం రెండు దాటి వంట అడిగితే పొయ్యి కట్టేశామంటారు, రాత్రి ఏడింటికిగానీ మళ్లీ వెలిగించరు. బతిమాలినా లాభం లేదు, అది కోపమూ కాదు. కాబట్టి పదకొండింటికే మధ్యాహ్నానికి కావలసింది కొని సంచిలో వేసుకోవాలి. ఆదివారం అయితే సోమవారానికి కూడా.

నీళ్లు అయిపోతే శ్మశానం వెతకండి. వినడానికి ఎలా ఉన్నా, ఫ్రెంచి పల్లెల్లో సమాధుల తోటలో పూలకి పోయడానికి కుళాయి ఉంటుంది, సైకిలువాళ్లందరికీ ఇది తెలిసిన కిటుకు. కుళాయి మీద ‘నోఁ పోతాబ్ల్’ అని ఉంటే అవి తాగే నీళ్లు కావు, తల తడుపుకోవడానికి సరే. మనిషికి రెండు సీసాలు తక్కువ, మూడు పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంటి నుంచే తెచ్చుకుంటే మేలు.

శాకాహారులు ఒక్క మాట గట్టిగా అడగాలి: ‘సాఁ వియాండ్, సాఁ పువాసోఁ’, మాంసమూ వద్దు, చేపా వద్దు. ఊరికే సలాడ్ అంటే అందులో చిన్న చిన్న పంది మాంసం ముక్కలు, లార్దోఁలు, వేసి తెస్తారు. ట్యూనా చేప అయితే మాంసమే కాదన్నట్టు చూస్తారు. టూర్ సంతలో జాడీల్లో కనిపించే గోధుమరంగు ముద్ద రియెత్, అదీ పంది మాంసమే. మేకపాల జున్నులు ఈ ప్రాంతం సొత్తు. సాంత్ మోర్ జున్ను దుంగలా పొడుగ్గా, మధ్యలో గడ్డిపరక గుచ్చి ఉంటుంది, ఆ పరకని లాగేసి తినాలి. పట్టింపు ఉన్నవాళ్లు గమనించండి, ఇలాంటి జున్నుల్ని తోడుపెట్టేది చాలావరకు దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో.

భారతదేశం నుంచి నేరుగా వచ్చేవాళ్లు నెయ్యి, పాలకోవా పెట్టెలో పెట్టుకోవద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తేవడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. పచ్చి కరివేపాకు రెమ్మలకీ ధ్రువపత్రం కావాలి. కందిపొడి, కారప్పొడితో గొడవ లేదు.

కుడి పక్క

రోడ్డుకి కుడివైపు తొక్కాలని అందరికీ తెలుసు. రద్దీలో తప్పు చేయరు కూడా, ముందున్న బండి దారి చూపిస్తుంది. ప్రమాదం ఖాళీ రోడ్డు మీద, ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడు. ఎడమ పక్క చెట్టు కింద ఆగి నీళ్లు తాగి, అలాగే ఎడమ పక్కనే తొక్కుకుంటూ పోతారు. మలుపులో కారు ఎదురొచ్చేదాకా తెలియదు. ఆగితే కుడి పక్కనే ఆగడం అలవాటు చేసుకోండి.

అంతకంటే మెలికైనది కుడివైపు సందుల నియమం. గుర్తులేమీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండికే ముందు దారి. మీరు ఊళ్లో పెద్ద వీధిలో ఉన్నా, అటు నుంచి వచ్చేది సందులోని చిన్న కారైనా సరే, అది ఆగదు. ఆగనక్కర్లేదని దానికి హక్కుంది. తెల్ల అంచున్న పసుపు డైమండ్ బోర్డు కనిపిస్తే ముందు దారి మీది. అదే బోర్డు మీద నల్ల గీత అడ్డంగా ఉంటే ఆ హక్కు అయిపోయినట్టు, అక్కడి నుంచి కుడి సందులన్నీ చూసుకుంటూ పోవాలి.

అద్దె సైకిలు తీసుకోగానే కొట్టు ముందే బ్రేకులు చూడండి. మన దగ్గర కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, అక్కడ సాధారణంగా ఎడమచేతిది. పరధ్యానంలో ఎడమది గట్టిగా నొక్కితే హ్యాండిలు మీదుగా ముందుకి పడతారు, కంకర గట్టు మీదైతే మరీను. ట్యూబుల వాల్వు సన్నగా, కొసన తిప్పే బుడిపెతో ఉంటుంది, పంపు దానికి పట్టేదేనా అని అక్కడే గాలి కొట్టి చూడండి. ఓర్లియాఁ, టూర్, ఆంజే, నాంత్ నగరాల్లో ట్రాము పట్టాలున్నాయి, అడ్డంగా నిటారుగా దాటాలి, ఏటవాలుగా పోతే చక్రం గాడిలో ఇరుక్కుంటుంది.

చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని తొక్కితే 135 యూరోల జరిమానా, చేతిలో ఫోను పట్టుకున్నా అంతే. కారు నడిపేవాళ్లకున్న మద్యం పరిమితి సైకిలుకీ వర్తిస్తుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, పెద్దవాళ్లకి చట్టం అడగదు, మీరు పెట్టుకోండి. ఊరి బయట చీకట్లో, పొగమంచులో మెరుపు జాకెట్ వేసుకోవాలి. బెల్లు, దీపాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఫోనులో మ్యాపుని మరీ నమ్మకండి. దగ్గర దారని అది మిమ్మల్ని కుడి గట్టు మీది డీ952 రోడ్డు ఎక్కించొచ్చు. కార్లు, లారీలు దూసుకుపోయే ఇరుకు గట్టు అది. పది కిలోమీటర్లు చుట్టైనా సైకిలు బోర్డుల వెంటే పొండి.

ఏట్లో దిగొద్దు

ఆగస్టులో లువార్ అమాయకంగా కనిపిస్తుంది. మోకాలి లోతు నీళ్లు, మధ్యలో తెల్లటి ఇసుక మేటలు. ఆ ఇసుక కదులుతూ ఉంటుంది, మేట అంచు కాలికింద కూలిపోతుంది, పక్కనే గుంట, అందులో సుడి. 1969 జూలైలో ఆంజే దగ్గర జ్విన్యేలో ఇలాగే 19 మంది పిల్లలు మునిగిపోయారు. ఈత నిషేధమని బోర్డు లేకపోయినా దిగకండి, ఊరి ఈతకొలనుకి వెళ్లండి.

షాంబోర్ చుట్టూ 32 కిలోమీటర్ల ప్రహరీ లోపల అడవి, దాని దక్షిణాన సొలోన్ అడవులు. అక్కడ గడ్డిలో కూర్చుంటే పిడుదులు పట్టొచ్చు. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, గజ్జల్లో చూసుకోండి. మందుల షాపులో పిడుదు తీసే చిన్న కొక్కెం అమ్ముతారు, దాంతో మెల్లగా తిప్పి తీయాలి, నూనె రాయడం, నలిపెయ్యడం చేయొద్దు. నెల రోజుల్లో అక్కడ ఎర్రటి వలయం కనిపిస్తే డాక్టరు దగ్గరికి. సెప్టెంబరులో వేట మొదలవుతుంది, అడవి దారి మొగలో వేట జరుగుతోందన్న పలక ఉంటే వెనక్కి తిరగండి.

సామాను, రైలు

కోటల్లోకి పెద్ద సంచులు రానివ్వరు, సైకిలు మీదే వదిలి వెళ్లడమా అన్నది అసలు బెంగ. పాస్‌పోర్టు, డబ్బు, ఫోను ఉండే ముందు సంచి చేత్తో ఊడి వచ్చేదై ఉండాలి. తక్కినవాటికి టికెట్ల దగ్గర లాకర్లు ఉన్నాయేమో అడగండి. సైకిలుని ఇనుప యూ లాకుతో కదలని కడ్డీకి కట్టండి, బ్యాటరీ సైకిలైతే బ్యాటరీ తీసి పట్టుకెళ్లండి. బసల్లో ‘అక్కెయ్ వెలో’ అనే గుర్తున్నవి సైకిలు దారికి 5 కిలోమీటర్లలోపే ఉంటాయి, సైకిలుకి తాళం వేసిన చోటు చూపిస్తాయి.

షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. సైకిలు మీంచి పడితే అది పనిచేస్తుందో లేదో కాగితం చదువుకోండి. ప్రమాదమైతే 112, అంబులెన్సుకి నేరుగా 15. గట్టు మీద ఊరి పేరు తెలియకపోతే ఫోనులో ఉన్న అక్షాంశ రేఖాంశాలు చదివి చెప్పండి.

వెనక్కి రైల్లో వద్దామనుకునేవాళ్లు వేసవిలో ప్రాంతీయ రైళ్లలో సైకిళ్లకి చోటు త్వరగా నిండుతుందని గుర్తుంచుకోవాలి. కొన్ని రైళ్లలో ముందే బుక్ చేసుకోవాలి, టీజీవీ అనే వేగ రైళ్లలో సైకిలుకి విడిగా టికెట్ ఉంటుంది, అన్నింటిలోనూ ఎక్కనివ్వరు. ఆదివారం సాయంత్రం రైలు వదిలేసి శనివారమో, ఆదివారం పొద్దున్నో ఎక్కండి. ప్లాట్‌ఫారం మీదికి పదిహేను నిమిషాల ముందే వచ్చి, వెనక సంచులు ఊడదీసి పక్కన పెట్టుకుని, సైకిలు బొమ్మ ఉన్న పెట్టె ఎక్కడ ఆగుతుందో స్టేషన్ వాళ్లని అడిగి నిలబడండి.