ముఖానికి ఏది పడటం లేదో పట్టుకోవడం ఎలా?

కొత్తగా రాసిన క్రీమ్‌కి బుగ్గలు మండితే చాలామంది చేసే మొదటి పని, ఆ మంట తగ్గించే ఇంకో క్రీమ్ కొనడం. ఒకప్పుడు నేనూ అదే చేశాను. మొటిమలకని శాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్, మచ్చలకని విటమిన్ సి సీరం, రాత్రికి మృతకణాలు రాల్చే గ్లైకోలిక్ యాసిడ్, దాని మీద విటమిన్ ఎ రకమైన రెటినాల్. నెల తిరగకముందే మామూలు నీళ్లు తగిలినా ముఖం చురుక్కుమనేది. విడివిడిగా చూస్తే వాటిలో చెడ్డది ఒక్కటీ లేదు. నాలుగూ ఒకేసారి మీద పడేసరికి నా చర్మం తట్టుకోలేకపోయింది. అప్పటి నుంచి ముఖం ఇబ్బంది పెడితే ఏం రాయాలి అని కాదు, ఏం ఆపాలి అని ముందు చూసుకుంటున్నాను. ఈ కింద ఒక్కో లక్షణానికీ ఆ క్రమంలోనే రాశాను.

డబ్బా వెనక ఉన్న లిస్టు చదవడం

ఇంగ్రిడియెంట్స్ లిస్టులో ఎక్కువ మోతాదులో ఉన్నది ముందు వస్తుంది, తక్కువగా ఉన్నది తర్వాత వస్తుంది. ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం కంపెనీ తనకు నచ్చిన వరుసలో రాసుకోవచ్చు. ఆ ఒక శాతం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి ఒక కిటుకు ఉంది. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ పేరు కోసం వెతకండి. ఐరోపా నిబంధనల ప్రకారం అది 1 శాతం దాటకూడదు. కాబట్టి దాని తర్వాత కనిపించేవన్నీ సాధారణంగా ఒక శాతం లోపే. డబ్బా ముందు పెద్ద అక్షరాలతో ఉన్న పూల సారం పేరు వెనక లిస్టులో అట్టడుగున ఉంటే, అందులో ఆ సారం నామమాత్రంగానే ఉందని అర్థం.

అలాగని తక్కువగా ఉన్నదల్లా దండగ అనుకోవద్దు. రెటినాల్ 0.3 శాతంలోనూ పనిచేస్తుంది. హైలురోనిక్ యాసిడ్‌కి కూడా ఒక శాతం అవసరం లేదు. సువాసన కోసం కలిపేవైతే చాలా కొద్దిగా ఉన్నా, పడనివాళ్లకి దద్దుర్లు తెప్పిస్తాయి. ఇక "హైపోఅలర్జెనిక్", "డెర్మటాలజిస్ట్ టెస్టెడ్" లాంటి మాటలకు చాలా దేశాల్లో కచ్చితమైన నిర్వచనం లేదు. వాటిని నమ్ముకుని కొనకండి.

కడుక్కోగానే ముఖం బిగుసుకుపోయి లాగినట్టు ఉంటే

ముఖం బాగా శుభ్రపడిందనడానికి ఈ బిగుతే గుర్తని చాలామంది అనుకుంటారు. నిజానికి చర్మం తన సొంత నూనెలను కూడా పోగొట్టుకుంటే అలా ఉంటుంది. మన చర్మం పైపొర కాస్త ఆమ్లంగా, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5కి అటూ ఇటూగా ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. రోజుకు మూడు సార్లు దానితో రుద్దితే ఆ పొర కోలుకునే వ్యవధే దొరకదు. సోడియం లారిల్ సల్ఫేట్ ఎక్కువగా ఉన్న ఫేస్‌వాష్‌లు కూడా ఇలాగే ఆరబెడతాయి.

ఫేస్‌వాష్ మార్చి చూడండి. లిస్టు మొదట్లోనే సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, డెసిల్ గ్లూకోసైడ్ లాంటి పేర్లు ఉంటే అవి కొంచెం మృదువుగా కడిగేవి. పొద్దున పూట ఉత్త నీళ్లతో కడుక్కున్నా చాలామందికి సరిపోతుంది.

ఇందులోనే ఇంకో తికమక ఉంది. ముఖం మీద జిడ్డు కారుతూనే ఉంటుంది, లోపల మాత్రం లాగినట్టు ఉంటుంది. నూనె సరిపడా ఉండి నీరు తక్కువైన చర్మం అది. జిడ్డు కదా అని మాయిశ్చరైజర్ మానేస్తే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. గ్లిజరిన్ ఉన్న పలచటి జెల్ రాయండి. హైలురోనిక్ యాసిడ్ సీరం వాడేవాళ్లయితే ముఖం తడిగా ఉన్నప్పుడే రాసి, వెంటనే పైన మాయిశ్చరైజర్ రాయాలి. అది నీటిని పట్టి ఉంచుతుందే గానీ, పట్టిన నీరు ఆవిరైపోకుండా ఆపలేదు. ఆ పని పైన రాసే క్రీమ్‌ది.

ఏం రాసినా మంట పుడుతుంటే

నాకు వచ్చిన ఇబ్బంది ఇదే. నిన్నటిదాకా హాయిగా ఉన్న మాయిశ్చరైజర్ కూడా చురుక్కుమంటుంది. ముక్కు పక్కన, పెదవుల చుట్టూ పొట్టు లేస్తుంది. ముఖం ఒక రకంగా మెరుస్తుంది కూడా, కానీ అది నిగారింపు కాదు.

చర్మం పైపొరను ఇటుకల గోడలా ఊహించుకోండి. కణాలు ఇటుకలైతే, వాటి మధ్య సున్నంలా ఉండేవి సిరామైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. యాసిడ్లు, రెటినాల్, స్క్రబ్బు అన్నీ కలిపి అతిగా వాడితే ఆ సున్నం రాలిపోతుంది. లోపలి నీరు బయటికి పోతుంది, బయటివి లోపలికి చొరబడతాయి. మంట అందుకే.

పరిష్కారం చాలా చప్పగా ఉంటుంది, అందుకే ఎవరూ నమ్మరు. అన్నీ ఆపేయండి. మృదువైన ఫేస్‌వాష్, సువాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, ఈ మూడే ఉంచుకోండి. మాయిశ్చరైజర్‌లో సిరామైడ్లు, కొలెస్ట్రాల్ రెండూ ఉంటే మంచిది. బాగా పొడిబారిన చోట రాత్రిపూట పలచగా పెట్రోలియం జెల్లీ రాస్తే నీరు ఆవిరైపోవడం బాగా తగ్గుతుంది. సన్‌స్క్రీన్ కూడా మండుతుంటే, కొన్నాళ్లు జింక్ ఆక్సైడ్ మాత్రమే ఉన్నది వాడండి. లేచిన పొట్టును గోటితో గానీ స్క్రబ్‌తో గానీ పీకొద్దు.

ఇలా ఎన్నాళ్లు? యవ్వనంలో చర్మం పైపొర మొత్తం కొత్తది కావడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మంట రెండు వారాల్లోనే తగ్గినా నెల రోజులు ఓపిక పట్టండి. నేను పదో రోజునే తొందరపడి గ్లైకోలిక్ యాసిడ్ మళ్లీ మొదలుపెట్టాను. లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. కోలుకున్నాక ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకోండి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం రెండు వారాలు ఉండేలా. ఏది ఏ తేదీన మొదలుపెట్టారో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, మళ్లీ తేడా వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు.

దురద, ఎర్రటి దద్దుర్లు వస్తే

మంట వేరు, దురద వేరు. రాసిన నిమిషాల్లో మండి, కడగగానే తగ్గితే అది సాధారణంగా చర్మపు చికాకు (ఇరిటేషన్). ఒకటి రెండు రోజుల తర్వాత దురదతో మొదలై, రాయని చోటికి కూడా పాకితే అలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. చికాకైతే మోతాదు తగ్గిస్తే సర్దుకోవచ్చు. అలర్జీకి ఆ బేరం కుదరదు, ఆ పదార్థాన్ని పూర్తిగా మానేయాల్సిందే.

ముందుగా అనుమానించాల్సింది సువాసనలను. లిస్టులో పర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్ అని ఉంటుంది, లేదా లినలూల్, లిమొనీన్, జెరానియాల్ అని విడివిడిగా ఉంటుంది. సహజమైన ఎసెన్షియల్ ఆయిల్స్‌లో ఉండేవీ ఇవే. "అన్‌సెంటెడ్" అని రాసినవాటిలో వాసన కప్పడానికి సువాసన పదార్థాలు కలిపి ఉండొచ్చు, "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అని రాసినది చూసుకోండి. ఆ తర్వాతి అనుమానం మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ మీద. 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దీన్ని ఆ ఏటి అలర్జెన్‌గా, అంటే అలర్జీ తెప్పించే పదార్థంగా ప్రకటించింది. రాసి వదిలేసే క్రీముల్లో దీన్ని ఐరోపా సమాఖ్య 2017 నుంచి నిషేధించింది. కడిగేసే షాంపూల్లో మాత్రం ఇంకా కనిపిస్తుంది.

కనురెప్పల మీద దద్దుర్లు వస్తే ముఖానికి రాసేవాటినే తప్పుపట్టకండి. అక్కడి చర్మం చాలా పలచన. తలకు రాసుకున్న షాంపూ, హెయిర్ డై, వేళ్లకున్న నెయిల్ పాలిష్ కూడా అక్కడే ముందు బయటపడుతుంటాయి.

కొత్తది ఏదైనా ముఖానికి రాసేముందు, మోచేతి లోపలివైపు ఒకే చోట రోజుకు రెండు సార్లు చొప్పున కనీసం వారం రోజులు రాసి చూడండి. ఒక్క రాత్రి రాసి వదిలేస్తే నిదానంగా వచ్చే అలర్జీ తెలియదు. దద్దుర్లు మళ్లీ మళ్లీ వస్తుంటే చర్మ వైద్యులు చేసే ప్యాచ్ టెస్ట్ అసలు కారణం చెబుతుంది. పెదవులు, కళ్లు ఉబ్బినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మొటిమలు తగ్గకపోగా ఎక్కువైతే

"మొదట్లో అలాగే ఉంటుంది, లోపలిదంతా బయటికి పోతోంది" అన్న మాట విని నెలల తరబడి పడని క్రీమ్ వాడినవాళ్లను చూశాను. ఆ మాట కొన్ని పదార్థాల విషయంలోనే నిజం. రెటినాల్, దాని కోవకే చెందిన అడాపలీన్, గ్లైకోలిక్, శాలిసిలిక్ యాసిడ్లు కణాలు రాలే వేగాన్ని పెంచుతాయి కాబట్టి లోపల తయారవుతున్న మొటిమలు తొందరగా పైకి వస్తాయి. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, హైలురోనిక్ యాసిడ్ అలా చేయవు. వాటితో మొటిమలు వచ్చాయంటే అవి మీకు పడటం లేదు, అంతే.

ఎప్పుడూ వచ్చే చోటే వచ్చి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గుముఖం పడితే కొనసాగించవచ్చు. ఎన్నడూ రాని చోట వచ్చినా, ఎనిమిది వారాలు దాటినా ఆపేయండి. రెటినాల్ అయితే వారానికి రెండు రాత్రులతో, బఠాణీ గింజంత మోతాదుతో మొదలుపెట్టాలి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు రెటినాల్, అడాపలీన్ లాంటివి వాడకూడదు. మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ అయితే 2.5 శాతం సరిపోతుంది. 10 శాతంది వాడితే ఫలితం పెద్దగా పెరగదు, ఆరిపోవడం మాత్రం పెరుగుతుంది. అన్నట్టు, అది దిండు గలీబుల రంగు కూడా తినేస్తుంది.

చర్మ రంధ్రాలను మూసేసే పదార్థాలంటూ 0 నుంచి 5 దాకా మార్కులు వేసిన పట్టికలు చూసి టెన్షన్ పడకండి. వాటిలో చాలా మార్కులు కుందేలు చెవి మీద చేసిన పాత పరీక్షల నుంచి వచ్చినవి. మనిషి ముఖం మీద, ఇతర పదార్థాలతో కలిపి రాసినప్పుడు ఫలితం వేరుగా ఉండొచ్చు.

నుదుటి మీద ఒకే సైజులో దురద పెట్టే సన్నని పొక్కులు

ఏ మొటిమల మందుకూ లొంగకపోతే మలసీజియా అనే ఈస్ట్‌ను అనుమానించండి. అది కొవ్వు ఆమ్లాల మీద బతుకుతుంది కాబట్టి మొక్కల నూనెలు రాస్తే పెరుగుతుంది. నూనెలు ఆపి వైద్యులకు చూపించండి. కీటోకోనజోల్ లాంటి మందులతో తగ్గుతుంది.

మచ్చలు ఎంతకీ పోకపోతే

మచ్చల క్రీమ్‌ను మార్చేముందు సన్‌స్క్రీన్‌ను చూసుకోవాలి. డబ్బా మీది ఎస్పీఎఫ్ అంకె, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలిచింది. మనం మామూలుగా రాసేది అందులో సగం కూడా ఉండదు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండుకున్నంత కావాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇది సరిగా లేకపోతే ఎంత మంచి సీరం అయినా చిల్లి కుండలో పోసిన నీళ్లే.

బుగ్గల మీద మంగు ఉన్నవాళ్లకి, ముఖ్యంగా చామనఛాయ, నలుపు చర్మాలకి ఇంకో సంగతి. కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా ఆ మచ్చను ముదురుగా చేస్తుంది. తెల్లటి సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్లు కలిపిన, చర్మపు రంగు సన్‌స్క్రీన్ ఆపగలదు. ఈ ఒక్క మార్పు గురించి తెలియక ఏళ్ల తరబడి నిరుత్సాహపడేవాళ్లు ఎందరో.

అది సర్దుకున్నాక నియాసినమైడ్ 5 శాతం గానీ, అజెలాయిక్ యాసిడ్ గానీ ఒకటి ఎంచుకుని మూడు నెలలు వాడి చూడండి. మీ విటమిన్ సి సీరం ముదురు నారింజ రంగుకో గోధుమ రంగుకో తిరిగితే అది చెడిపోయినట్టే.

రాస్తే ఉండలు కట్టడం, తెల్లగా పేరుకోవడం

ఇది అలర్జీ కాదు. పొరలు ఎక్కువయ్యాయి, లేదా కిందిది ఆరకముందే పైది రాశారు. ఒక పొర తగ్గించండి, రుద్దకుండా అద్దండి.

రాస్తే తెల్లబడి, ఆపితే ముఖం భగ్గుమంటే

ఇది మిగతావాటిలాంటిది కాదు, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. కొద్ది రోజుల్లోనే ముఖం తెల్లగా, నున్నగా చేసే క్రీముల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉండొచ్చు. కొన్ని జబ్బులకు, కొద్దికాలానికి వైద్యులు రాసే మందులివి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఆపిన కొద్ది రోజులకే ముఖం ఎర్రగా మండుతుంది కాబట్టి మళ్లీ అదే క్రీమ్ రాస్తారు. ఆ చక్రంలోంచి బయటపడటం ఒంటరిగా చాలా కష్టం.

ఇంకొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది. లిస్టులో క్యాలొమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, మెర్క్యురీ అనే పేర్లు ఉన్నా, వెండి బంగారాలకు తగలనివ్వొద్దని రాసి ఉన్నా, అసలు ఇంగ్రిడియెంట్స్ లిస్టే లేకపోయినా అది ముఖానికి రాయకూడదు, ఇంట్లో ఉంచకూడదు.

స్టెరాయిడ్ క్రీమ్ చాలాకాలంగా వాడుతుంటే, సొంతంగా ఒక్కసారిగా మానేసి ఆ మంటతో తంటాలు పడకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. మెల్లగా ఎలా తగ్గించాలో, మధ్యలో ఏం రాయాలో వాళ్లు చెబుతారు. సిగ్గుపడి ఆ ట్యూబు దాచకండి, వెంట తీసుకెళ్లండి. ఏది, ఎన్నాళ్లు, రోజుకు ఎన్నిసార్లు రాశారో ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టరుకి ముందు కావలసింది ఆ వివరమే.