తూనీగ కన్ను షార్ప్‌గా పడాలంటే ఫొటో ఎలా తీయాలి?

తూనీగ ఫొటోల్లో చాలావాటిది ఒకటే జబ్బు. రెక్క స్పష్టంగా ఉంటుంది, కన్ను మసగ్గా ఉంటుంది. దానికి లెన్సును తిట్టి లాభం లేదు, ఫోకస్ చేసే పద్ధతి మార్చుకోవాలి.

లెన్సు మార్చుకునే కెమెరా ఏదైనా సరే. 100 ఎం.ఎం. మాక్రో లెన్సు (చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసేది) ఒకటి, ఫ్లాష్ ఒకటి చాలు. మాక్రో కొనలేకపోతే ఉన్న 50 ఎం.ఎం. లెన్సు వెనక 25 ఎం.ఎం. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే బోలు గొట్టం) బిగించండి, కెమెరా సెన్సార్ మీద పురుగు బొమ్మ అసలు సైజులో సగం పడుతుంది. పార్సిళ్లలో వచ్చే తెల్లటి ఫోమ్ షీటును ఫ్లాష్‌కు రబ్బరు బ్యాండుతో కట్టి, లెన్సు అంచు దాకా వంచండి. అది లేకపోతే కంటి మీద తెల్లటి మచ్చ పడి, కంటి మీది సన్నటి గళ్లు కనిపించవు. మాన్యువల్ మోడ్, ఎఫ్ 11 (లెన్సు రంధ్రం సైజు, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ 1/160 సెకను, ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) 200, ఫ్లాష్ పూర్తి శక్తిలో 1/16 వంతుతో మొదలుపెట్టండి. ఎఫ్ 16 దాటితే బొమ్మంతా మెత్తబడుతుంది.

తెల్లవారకముందే చెరువు గట్టుకో వరి మడి గట్టుకో చేరాలి. చలికి రెక్కల కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఆ వేళ తూనీగ ఎగరలేదు. పొద్దెక్కాక వెంటపడటం దండగ. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చేయకండి.

ఇక అసలు కష్టం. 1:1 సైజులో, అంటే సెన్సార్ మీద పురుగు అసలు సైజులోనే పడేటప్పుడు, ఎఫ్ 11 దగ్గర స్పష్టంగా పడే లోతు సుమారు 1 మిల్లీమీటరు. తూనీగ కన్నే అంతకంటే మందం. ఇక్కడ ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూనే ఉంటుంది. దాన్ని ఆపేయండి. ఫోకస్ రింగును కావలసిన సైజు దగ్గర పెట్టి, మళ్లీ ముట్టుకోకండి. రింగు తిప్పితే సైజూ మారుతుంది, చెయ్యీ వణుకుతుంది. కదలాల్సింది మీరే.

మోచేతులు మోకాళ్లకు ఆనించండి. తూనీగ వాలిన గడ్డికాడను జానెడు కింద ఎడమచేతి వేళ్లతో పట్టుకుని, మెల్లగా వేళ్లను పైకి జరపండి. ఒక్కసారిగా పైన పట్టుకుంటే రాలిపడుతుంది. అదే చేతి మణికట్టు మీద లెన్సును ఆనిస్తే గాలికి కాడా కెమెరా కలిసే ఊగుతాయి. ట్రైపాడ్‌తో ఇది కుదరదు, అది నిలబడే ఉంటుంది, కాడ మాత్రం ఊగుతుంది. అందుకే పొలంలోకి ట్రైపాడ్ తేవద్దనేది.

ఇప్పుడు ఊపిరి వదులుతూ వెంట్రుకవాసి చొప్పున ముందుకు వంగండి. ముందు కాళ్ల ముళ్లు, తర్వాత ముఖం మీది నూగు, ఆపైన కంటి గళ్లు తేలతాయి. గళ్లు పూర్తిగా తేలాక నొక్కితే ఆలస్యమైపోయినట్టే, వేలు కదిలేలోపు మీరు దాటిపోతారు. తేలుతుండగానే నొక్కండి. పదిహేను ఇరవై సార్లు ఇలా వంగి లేస్తే రెండు మూడు దక్కుతాయి. తెర మీద పూర్తిగా జూమ్ చేసి గళ్లు విడివిడిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

రెక్కలూ తోకా కూడా కావాలంటే వీపు వైపు నుంచి, పరిచిన రెక్కలకు సమాంతరంగా కెమెరా పట్టాలి. మీ నీడ దాని మీద పడనివ్వకండి.

రెక్కలు వణికించడం మొదలుపెట్టిందంటే ఎగరడానికి ఒళ్లు వేడెక్కించుకుంటోందని అర్థం. కాడను మెల్లగా వదిలేయండి.