కాలనీ నాలా బాగుపడాలంటే ముందు మురుగు గొట్టాలు వెతకండి

హైదరాబాద్‌లో నాలా శుభ్రం అనగానే కాలనీవాళ్లు చెత్త ఎత్తడానికి దిగుతారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే కంపు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు హుస్సేన్‌సాగర్‌కు వాననీళ్లు చేర్చే దారులు. వాటిలోకి తిప్పిన మురుగును పట్టుకోవడమే మొదటి పని.

మూడు రోజులుగా వాన లేని పొద్దు చూసుకుని, 6 నుంచి 9 మధ్య, ఇళ్లలో స్నానాలు, ఉతుకులు సాగే వేళ నలుగురైదుగురు గట్టు వెంట నడవండి. నీరు వదులుతున్న ప్రతి గొట్టానికీ ఫొటో, లొకేషన్, వెడల్పు రాయండి. ధార అందేచోట 10 లీటర్ల బకెట్ పట్టి సెకన్లు లెక్కపెట్టండి. 20 సెకన్లలో నిండితే సెకనుకు అరలీటరు. రోజంతా అలాగే పారితే 43,200 లీటర్లు. పొద్దున ధార ఎక్కువుంటుంది కాబట్టి మధ్యాహ్నం, రాత్రి కూడా కొలవాలి. అంకెలున్న ఫిర్యాదును తోసిపుచ్చడం కష్టం.

డ్రైనేజీ లైను జలమండలిది (నగర నీటి, మురుగునీటి బోర్డు), నాలా బల్దియాది (నగరపాలక సంస్థ). ఒకే పట్టిక రెండుచోట్లా ఇచ్చి, ఇద్దరు ఇంజనీర్లనూ ఒకేరోజు గట్టు మీదికి రప్పించండి. విడివిడిగా వస్తే పని ఎవరిదన్నది తేలదు. మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఎవర్నీ దింపొద్దు. విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

గొట్టాలు డ్రైనేజీ లైనులోకి మళ్లించాకే, ఏప్రిల్-మేలో పూడిక తీయించండి. తీసిన మట్టిని గట్టునే వదిలితే తొలి వానకే లోపలికి జారుతుంది. నీరు ఓడగానే లారీ ఎక్కించాలి. అడుగు మరీ లోతుగా తవ్వితే పక్కగోడ పునాది బయటపడి కూలుతుంది.

మట్టిగట్టు మిగిలిన చోట జూన్ వానలతో వట్టివేరు నాటండి. ఆకులు కత్తిరించి, రెండు మూడు పిలకలు కలిపి, 15 సెంటీమీటర్ల ఎడంగా, వాలుకు అడ్డంగా వరుసలు వేయాలి. వరుసకూ వరుసకూ ఎత్తులో మీటరు తేడా చాలు. చచ్చిన పిలకల చోట నెలలోపే కొత్తవి పెట్టాలి, గట్టు కోత ఆ సందులోంచే మొదలవుతుంది. పైన కానుగ, నేరేడు బాగా వస్తాయి.

చెత్త వల ఆఖరున, బల్దియా అనుమతితోనే. అడుగుదాకా దింపిన వల వాననాడు చెత్తతో పూడి నీటిని ఇళ్లలోకి ఎగదన్నుతుంది. డబ్బాలు కట్టి నీటిపై తేలేలా, ఏటవాలుగా కడితే చెత్త ఒక గట్టుకు చేరుతుంది. భారీ వాన హెచ్చరిక రాగానే ఒక కొస గట్టుమీద నుంచే విప్పేయాలి. ఆ పని గట్టు పక్కనే ఉండే ఇద్దరికి ముందే అప్పగించండి.