నవలను మాటలతో కట్టడం ఎలా?

నా మొదటి నవల రాతప్రతిని నర్సంపేట దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమె బడికి పోలేదు. కానీ కథ వినడంలో ఆమెను మించినవాళ్లను నేను చూడలేదు. మూడో అధ్యాయం మధ్యలో నన్ను ఆపి అడిగింది.

"బిడ్డా, ఆ ఊర్ల రెండు చెర్లున్నయా?"

"లేదు పెద్దమ్మా, ఒక్కటే."

"మరి ఆ తటాకమేంది?"

చిన్నప్పుడు వ్యాసాల్లో ఒకే మాట రెండోసారి కనిపిస్తే పునరుక్తి దోషమని సార్లు ఎర్ర సిరాతో గీత పెట్టేవాళ్లు. ఆ భయం నాతోపాటే పెరిగింది. అందుకే చెరువును ఒక పేరాలో చెరువు అని, తర్వాతి పేరాలో తటాకం అని, ఇంకోచోట జలాశయం అని రాశాను. అది అందమనే అనుకున్నాను. పెద్దమ్మకు మాత్రం మూడు పేర్లు వినపడ్డాయి కాబట్టి మూడు చోట్ల నీళ్లు కనపడ్డాయి.

నవల చెదిరిపోకుండా నిలవాలంటే కథ ఒక్కటే చాలదు, మాటలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉండాలి. భాషాశాస్త్రవేత్తలు హాలిడే, రుఖయా హసన్ 1976లో వచ్చిన తమ పుస్తకంలో వాక్యాలను కలిపి ఉంచే బంధాలను ఐదు రకాలుగా చెప్పారు. వాటిలో ఒకటి పూర్తిగా పదాల ఎంపికకు సంబంధించినది. అదే మాట తిరిగి రావడం, దానికి దగ్గరి మాట రావడం, దానితో ఎప్పుడూ జతగా తిరిగే మాటలు రావడం దాని కిందికి వస్తాయి. వాళ్లు చూసింది ఇంగ్లీషును. తెలుగు నవలలో ఈ పని ఎలా చేయాలో, నేను చేసి చూసిన పద్ధతిలో చెబుతాను.

ఉదాహరణ కోసం ఒక నవల ఊహించుకుందాం. ములుగు వైపు ఒక చెరువు కింది ఊరు. చెరువు నీళ్లను పొలాలకు వదిలే ఒక ముసలి నీరటి, మిర్చి వేసి అప్పులపాలైన అతని కొడుకు, హన్మకొండలో చదువుకుంటున్న మనవరాలు.

1. ముందు రాసెయ్యండి, తర్వాత గుండ్రాలు చుట్టండి

మొదటి ప్రతి రాసేటప్పుడు మాటల గురించి టెన్షన్ పెట్టుకోవద్దు. రాయడం అయ్యాక ప్రింట్ తీసి, పెన్సిల్ పట్టుకొని, పదేపదే వస్తున్న మాటల చుట్టూ గుండ్రం గీయండి. రెండు రకాలు దొరుకుతాయి. కట్ట, తూము, అప్పు లాంటివి కథలోంచి వచ్చినవి. ఒక్కసారిగా, ఎందుకో, మౌనంగా, నిట్టూర్చాడు లాంటివి మన చేతి అలవాటు. ఈ రెండో రకాన్ని వీలైనంత తీసెయ్యండి. ప్రతి పేజీలో ఎవరో ఒకరు నిట్టూరుస్తుంటే, అసలు నిలవాల్సిన మాట ఆ చప్పుడులో వినపడదు.

2. తల్లిమాటను, దాని ఇంటివాళ్లను రాసుకోండి

మన నవలకు తల్లిమాట చెరువు. దాని ఇంట్లో ఎవరెవరున్నారు? నీళ్లను ఆపేది కట్ట. నీళ్లను పొలాలకు వదిలేది తూము. నిండాక పొర్లిపోయే చోటు మత్తడి. నీళ్లు తగ్గినప్పుడు బయటపడే నేల శిఖం. చెరువు కింద పారే పొలమంతా ఆయకట్టు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసేవాడు నీరటి. అడుగున పేరుకునేది పూడిక.

ఈ మాటలు మీ దగ్గరుంటే ప్రతి పేరాలో చెరువు అని రాయాల్సిన పనిలేదు. 'తూము' అనగానే చెరువు దానంతటదే వచ్చి నిలబడుతుంది. నా తటాకం అతకకపోయినా తూము ఎందుకు అతుకుతుందంటే, తటాకం చెరువుకు ఇంకో పేరు మాత్రమే. తూము చెరువులో ఒక భాగం, దానికో పని ఉంది.

ఈ జాబితా నిఘంటువు ముందు కూర్చుంటే తయారుకాదు. ఆ పని చేసినవాళ్ల దగ్గర కూర్చోవాలి. బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలని కాళోజీ అడిగారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. యాస గౌరవం గురించి ఆ రోజు చాలా మాట్లాడతాం. నవల రాసేవాళ్లకు అది చేతిపనికి సంబంధించిన సలహా కూడా. పలుకుబడిలో మాటలు ఒంటరిగా ఉండవు, జతలుగా వస్తాయి. చెరువు నిండుతుంది, మత్తడి దుంకుతుంది. 'మత్తడి ప్రవహించింది' అని రాస్తే ఆ జత విడిపోతుంది.

3. వస్తువుకు ఒకే పేరు. పేరు మారితే మాట్లాడే మనిషి మారాలి

మత్తడిని అలుగు అనే ప్రాంతాలూ ఉన్నాయి. రెండూ మంచి మాటలే. మీ కథకుడు ఒకటి ఎంచుకొని చివరిదాకా దాన్నే వాడాలి. పేరు మార్చే హక్కు పాత్రలకు ఇవ్వండి.

కొడుకు మిర్చి బస్తాలతో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లిన అధ్యాయం తీసుకోండి. ఇంట్లో అతని భార్యకు అది 'పంట'. బండి ఎక్కాక అతనికి అది 'మిర్చి'. కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తిదారుకు 'సరుకు'. కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయికి ఇన్ని 'బస్తాలు'. కొనేవాడు పిడికెడు తీసి చూసి 'తాలు' అంటాడు, అంటే రంగు పోయిన నాసిరకం కాయ. పొద్దున్నే జెండా పాటలో, అంటే ఆ రోజు మొదటి వేలంలో, పలికిన ధర ఈ కుప్పకు రాదని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. కుప్ప ఒక్కటే, పేర్లు ఐదు. ప్రతి పేరుకూ దాని వెనక ఒక మనిషి ఉన్నాడు కాబట్టి పాఠకుడు తికమకపడడు. రాత్రి ఇంటికొచ్చిన కొడుకు, భార్య అడిగితే, 'సరుకు అమ్ముడుపోయింది' అంటాడు. పొద్దున ఆమె పంట అన్నదాన్ని అతను ఇప్పుడు సరుకు అంటున్నాడు. ఆ రోజు మార్కెట్‌లో ఏం జరిగిందో ఇంకో పేజీ రాయాల్సిన అవసరం నాకు కనపడదు.

4. ఒకే ధాతువును నవలంతా నడిపించండి

ఈ పద్ధతి నాకు అన్నిటికన్నా ఇష్టం. తెలుగు మనకు ఇచ్చిన బలం ఇక్కడే ఉంది.

'కట్టు' అనే క్రియను చూడండి. చెరువుకు కట్ట, పొలానికి ఆయకట్టు, వరుస చెరువులకు గొలుసుకట్టు, ఊరికి కట్టుబాటు. ఇల్లు కడతాం, చీర కడతాం, కిస్తీ కడతాం, పందెం కడతాం. పెళ్లిలో పుస్తె కడతారు. మాట మీద నిలబడితే కట్టుబడి ఉన్నాడంటాం. ఇప్పుడు దీనికి ఎదురుగా 'తెగు' పెట్టండి. కట్ట తెగుతుంది, తాడు తెగుతుంది, సంబంధం తెగుతుంది, వాన ఎడతెగకుండా పడుతుంది. కానీ బేరం తెగడమంటే కుదరడం! ఒకే మాట ఒకచోట నాశనం, ఇంకోచోట ఒప్పందం.

మన నవలలో ఇలా నడిపించవచ్చు. రెండో అధ్యాయంలో వానాకాలం ముందు నీరటి కట్ట మీద నడుస్తూ ఎలుక బొరియలు పూడుస్తుంటాడు. ఐదులో కొడుకు కిస్తీ కట్టలేకపోతాడు. తొమ్మిదిలో మనవరాలికి చూసిన సంబంధం పుస్తె కట్టేదాకా పోకుండానే ఆగిపోతుంది. పద్నాలుగులో వానకు కట్ట తెగుతుంది. పదిహేనులో, ఇసుక మేట వేసిన పొలానికి బేరం తెగుతుంది. రెండు తెగడాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండుసార్లూ ఆ ఇల్లే నష్టపోయింది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. 'కట్ట తెగినట్టే బేరమూ తెగింది' అని రాయకండి. వేలు పెట్టి చూపిస్తే పాఠకుడు దాన్ని చమత్కారంగా చూసి నవ్వి ముందుకు పోతాడు. చూపించకపోతే, ఎందుకో తెలియకుండానే ఆ రెండు అధ్యాయాలు అతని మనసులో కలిసిపోతాయి. కొందరు ఎప్పటికీ గమనించరు. గమనించకపోయినా ఆ బంధం పనిచేస్తుందని నా నమ్మకం.

5. 'వచ్చింది' ఎవరిదో చూసుకోండి

తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం నడుస్తుంది. క్రియ చివరే చాలావరకు చెప్పేస్తుంది. కానీ ఏకవచనంలో స్త్రీకీ, పశువుకీ, వస్తువుకీ క్రియ ఒక్కటే.

'బర్రె కట్ట ఎక్కింది. మనవరాలు వెనకే వచ్చింది. ఆగింది. దిక్కులు చూసింది.'

దిక్కులు చూసింది ఎవరు? ఇలాంటి చోట 'పిల్ల' అనో 'బర్రె' అనో మళ్లీ రాయండి, సిగ్గుపడొద్దు. తెలిసి చేస్తే ఇదే ఒక సాధనం కూడా. రాత్రంతా వాన, లోపల కోడలి ఏడుపు. తెల్లవారుజామున 'ఆగింది' అని ఒక్క మాట రాసి పేరా ముగించండి. వానా, ఏడుపా? రెండూ కావచ్చు.

మనుషులను పిలిచే మాటలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మనవరాలికి ఆ ముసలాయన 'తాత', ఊళ్లో పెద్దలకు 'అరేయ్', మార్కెట్ గుమాస్తాకు 'పెద్దాయన'. కథకుడికి మాత్రం మొదటి పేజీ నుంచి 'నీరటి'. మధ్యలో ఆ పని పోయి, చెరువు మీదికి నీళ్లు వదలడానికి సర్కారు పెట్టిన లష్కర్ వచ్చినా, కథకుడు నీరటి అనడం మానకూడదు. ఆ ముసలాయన పక్షాన కథకుడు ఉన్నాడని చెప్పేది ఆ ఒక్క మాటే.

6. మాటకూ మాటకూ మధ్య దూరం కొలవండి

కాకతీయుల కాలం నుంచి ఈ నేల మీద గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి. నిండని చెరువు కిందికి ఏమీ పంపలేదు. మాట కూడా అంతే. మొదటి అధ్యాయంలో 'శిఖం' అని ఒక్కసారి రాసి, మళ్లీ ఇరవయ్యో అధ్యాయంలో రాస్తే అందులో నీళ్లుండవు. తొలి యాభై పేజీల్లో మూడు వేర్వేరు సందర్భాల్లో కనిపించనివ్వండి. ఎండాకాలం పిల్లలు శిఖంలో ఆడుకోవాలి, ఎవరో అక్కడ దోసకాయలు వేయాలి, ఇంకెవరో దాన్ని కబ్జా చేయాలని చూడాలి. అప్పుడు వంద పేజీలు దాన్ని వదిలేసినా ఎండిపోదు.

నోట్‌బుక్‌లో అడ్డంగా అధ్యాయాలు, నిలువుగా మాటలు రాసుకొని గళ్లు నింపండి. కంప్యూటర్‌లో వెతికేటప్పుడు ఒక చిక్కుంది. 'చెరువు' అని వెతికితే పాత్రలు అనే 'చెర్ల పడ్డది' దొరకదు. నీరటి, నీరడి అని రెండు రకాలుగా రాసి ఉంటే సగమే దొరుకుతాయి. ముందు అక్షరక్రమం ఒకటి చేసుకోండి. యాస రూపాలను విడిగా వెతకండి.

7. మొదటి అధ్యాయాన్నీ చివరి అధ్యాయాన్నీ ఒకే రోజు చదవండి

మధ్యలోవి వదిలేసి ఆ రెండే, గొంతెత్తి చదవండి. వీలైతే వినడానికి ఎవరినైనా కూర్చోబెట్టుకోండి, మా పెద్దమ్మ లాంటివాళ్లయితే ఇంకా మంచిది. మొదట్లో తాత నోట్లో ఉన్న మాటల్లో కనీసం ఒకటి చివరికి మనవరాలి నోట్లోకి వచ్చిందా? మన నవలలో, హన్మకొండలో చదివి 'అక్కడ నీళ్లు ఓవర్‌ఫ్లో అవుతాయి' అని స్నేహితురాలికి చెప్పిన పిల్ల ఆమె. తెగిన కట్టను మళ్లీ పోశాక, తర్వాతి ఏడాది వానలకు, ఫోన్‌లో తండ్రిని అడుగుతుంది: "బాపూ, మత్తడి దుంకిందా?" ఆ ప్రశ్నను నవలకు ఆఖరి వాక్యం చేయాలని మీకు అనిపిస్తుంది. అలా చేయకండి. రెండు పేజీల ముందు, అన్నం తిన్నవా, బర్రె ఈనిందా అనే మాటల మధ్య పెట్టండి.