సౌత్ జోన్ కబడ్డీ మన దగ్గరే: డ్రా నుంచి మ్యాటు దాకా

సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ కబడ్డీ హైదరాబాద్‌కు వచ్చిందంటే కర్ణాటక, తమిళనాడు, కేరళ జట్లు కూడా మన గ్రౌండ్‌లో దిగుతాయి. షామియానా, మెమెంటోల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు డ్రా, అంటే ఎవరితో ఎవరు ఆడాలో ఆ పట్టిక, వేసుకోండి. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన పిల్లలు ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఆ ఒక్కటీ సరైన కోర్టులో, చెప్పిన వేళకు జరగాలి.

పురుషుల్లో 42 జట్లు వచ్చాయనుకుందాం. 8, 16, 32, 64 వరసలో 42 దాటాక వచ్చేది 64. తేడా 22, అన్ని బైలు ఇవ్వాలి. అంటే 22 జట్లు మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండ్‌కు వెళ్తాయి. జట్లను 11, 10, 11, 10గా నాలుగు పూల్స్‌గా విడగొడితే పదకొండు జట్ల పూల్‌కు 5 బైలు, పది జట్ల పూల్‌కు 6. పోయినేడు మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లు తలో పూల్‌లో పడాలి. నాకౌట్‌లో 38 మ్యాచ్‌లు, నలుగురు పూల్ విజేతలు ఒకరితో ఒకరు ఆడే లీగ్‌లో 6.

పురుషుల మ్యాచ్ 20 నిమిషాల రెండు సగాలు, మధ్యలో 5 నిమిషాల విరామం, అంతే. కానీ 45 నిమిషాల లెక్కన షెడ్యూల్ వేస్తే టైమౌట్లు, గాయాలతో మధ్యాహ్నానికల్లా వెనకబడిపోతారు. ఒక్కో మ్యాచ్‌కు గంట చొప్పున వేయండి. రెండు కోర్టుల్లో 8 నుంచి 5 దాకా, భోజనానికి గంట తీసేస్తే రోజుకు 16 మ్యాచ్‌లు. మూడో రోజు మధ్యాహ్నానికి నాకౌట్ అయిపోతుంది. లీగ్‌లో నాలుగో రోజు పొద్దున రెండు, సాయంత్రం రెండు, ఐదో రోజు రెండు. లైట్లు లేకపోతే సాయంత్రం మ్యాచ్‌ను నాలుగు గంటల తర్వాత మొదలుపెట్టకండి. డిసెంబరులో ఐదున్నర దాటితే గీత సరిగా కనపడదు.

అసలు తప్పులు జరిగేది మ్యాటు దగ్గర. పురుషుల కోర్టు లాబీలతో (రెండు పక్కల ఉండే పట్టీలతో) కలిపి 13 × 10 మీటర్లు. మీటరు పలకలైతే 130 కావాలి, చుట్టూ ఇంకో వరస వేస్తే 180. కోర్టు పొడవున 13 వరసలు వస్తాయి కాబట్టి మధ్య గీత ఏడో వరస నడిబొడ్డున పడుతుంది, అతుకు మీద కాదు. బాక్ లైన్ (కూతకు వెళ్లిన రైడర్ దాటి తీరాల్సిన గీత) మధ్య గీతకు 3.75 మీటర్ల దూరంలో, బోనస్ లైన్ (దాటితే అదనపు పాయింటు వచ్చే గీత) 4.75 మీటర్ల దూరంలో ఉంటాయి. ఇవీ అతుకు మీద పడవు. చూపుకు తేలికని అతుకు వెంబడే టేపు అంటిస్తే పావు మీటరు తేడా వస్తుంది, రైడర్ బోనస్ అక్కడే పోతుంది. మహిళల కోర్టుకు ఈ చిక్కు లేదు. 12 × 8లో మధ్య గీత, 3 మీటర్ల బాక్ లైన్, 4 మీటర్ల బోనస్ లైన్ అన్నీ అతుకుల మీదే వస్తాయి.

టేపు అంటించే ముందు పురుషుల కోర్టు మూల నుంచి మూలకు కొలవండి. రెండు వైపులా 16.40 మీటర్లు రావాలి. తేడా వస్తే కోర్టు వంకర ఉన్నట్టే, పలకలు మళ్లీ సర్దాలి.

బరువు పరిమితి పురుషులకు 85 కిలోలు, మహిళలకు 75. తూకం యంత్రాన్ని మ్యాటు మీద పెట్టకండి, మెత్తటి చోట అంకె తప్పు చూపిస్తుంది. గచ్చు మీద పెట్టి, ముందు రోజు రాత్రే జట్లను అదే యంత్రం మీద చూసుకోనివ్వండి. 200 గ్రాములు ఎక్కువున్న కుర్రాడికి సర్దుకోవడానికి ఒక రాత్రైనా దొరుకుతుంది.

స్టేషన్‌కు వెళ్లే వలంటీర్లకు ఒక మాట. టికెట్ మీద హైదరాబాద్ అని ఉంటే అది నాంపల్లి. సికింద్రాబాద్, కాచిగూడ, చర్లపల్లి వేరు. ఏ జట్టు ఎక్కడ దిగుతుందో మేనేజర్‌ను అడిగి రాసుకోండి.

ఆరుబయట మ్యాటైతే తెల్లారేసరికి మంచుతో తడిసి ఉంటుంది. మొదటి మ్యాచ్‌కు గంట ముందే పొడి గుడ్డలతో తుడిపించి, అరిపాదం పెట్టి జారించి చూడండి. జారితే ఎండ పడేదాకా ఆగండి.