సింకు, బాత్రూమ్, టాయిలెట్ పైపులు పూడుకుపోకుండా ఎలా చూసుకోవాలి?

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో ఏదో ఒక ఆదివారం ఎవరో ఒకరు తలుపు తడతారు, సింకులో నీళ్లు దిగడం లేదని. వెళ్లి చూస్తే అప్పటికే సీసాడు యాసిడ్ పోసేసి ఉంటారు. పది నిమిషాల పనిని ప్రమాదకరం చేసి ఆ తర్వాత పిలుస్తారు.

కావలసినవి కొన్నే: స్టీలు జాలీలు, బకెట్టు, పాత బ్రష్షు, రబ్బరు గ్లౌజులు, పాత పేపర్లు. ప్లాస్టిక్ జాలీ కొనవద్దు, వేడి గంజికి వంకరపోతుంది.

మూకుడు, నెయ్యి గిన్నె తోమే ముందు కాగితంతో తుడవాలి. వేడిగా జారిపోయిన నెయ్యి పైపులో చల్లబడి పేరుకుంటుంది. దోసెల పిండి, మెతుకులు, కరివేపాకు దానికే అతుక్కుంటాయి. బోరు నీళ్లయితే ఇంకో బెడద: ఆ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. బాత్రూమ్‌లో జుట్టు చిక్కుకునేది అందులోనే. తలంటుకున్న రోజు జాలీ మీది జుట్టు, కుంకుడు తొక్కులు ఆ పూటే తీసేయాలి.

ఇక అసలు పని. నెలకోసారి సింకు కింద ఉండే బాటిల్ ట్రాప్ (పైపుకు బిగించిన, సీసాలాంటి గిన్నె) విప్పి కడగాలి. అందులో నిలిచే నీళ్లే మురుగు వాసనను ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. పైనుంచి పడిన మడ్డి అంతా చేరేదీ అక్కడే.

ముందుగా కింద బకెట్టు పెట్టండి. ఒక చేత్తో ట్రాప్ పైభాగాన్ని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో అడుగు గిన్నెను తిప్పండి. కింది నుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరగాలి. పైభాగం పట్టుకోకుండా బలం ఉపయోగిస్తే గోడ దగ్గర అతుకు వదులవుతుంది. ఆ లీకు వెంటనే తెలియదు, అల్మారా చెక్క ఉబ్బాక తెలుస్తుంది.

గిన్నె చేతికి రాగానే అందులోని రబ్బరు వాషర్ ఎలా కూర్చుందో చూసుకోండి. చాలామంది మడ్డితోపాటు దాన్నీ బకెట్లో పారబోస్తారు. వాషర్‌ను కడిగి, మడత లేకుండా దాని గాడిలోనే కూర్చోబెట్టి, చేత్తోనే బిగించండి. రెంచీ పెడితే ప్లాస్టిక్ మర చిట్లుతుంది. తర్వాత సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, అతుకు చుట్టూ పొడి కాగితం తిప్పండి. ఎక్కడ తడిస్తే అక్కడ వాషర్ సరిగా కూర్చోలేదన్నమాట, మళ్లీ విప్పాల్సిందే.

యాసిడ్ పోసిన ట్రాప్‌ను మాత్రం విప్పకండి, ముఖం మీద చిందుతుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. వంటసోడా, వెనిగర్ కలిపి పోసేవారూ ఉన్నారు. నురగ చూసి పని జరిగిందనుకుంటారు, కానీ ఆ రెండూ ఒకదాని బలాన్ని ఒకటి పోగొడతాయి, నెయ్యి గడ్డ ఉన్నచోటే ఉంటుంది. సలసల కాగే నీళ్లూ వద్దు. పీవీసీ పైపు సుమారు 80 డిగ్రీలకే మెత్తబడుతుంది.

టాయిలెట్‌లో మలమూత్రాలు, నీళ్లు తప్ప ఏమీ వేయకూడదు. తడి వైప్స్ కాగితంలా నానవు, ప్యాడ్లు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. అవి మురుగు కాలువకు అడ్డుపడితే తీయడానికి మనిషిని దింపుతారు. అలా రక్షణ లేకుండా దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా దింపుతూనే ఉన్నారు, ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఇంటికి చుట్టాలు వస్తే టాయిలెట్‌లో ఇవేవీ వేయవద్దని ముందే చెప్పండి, మొహమాటపడకండి. ప్యాడ్లను, డయాపర్లను పేపర్లో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, చెత్త బండికి విడిగా ఇవ్వండి.