కాపాడిన టీమే లోకం మీద తిరగబడే కథ రాయాలంటే

లోకాన్ని కాపాడిన సూపర్‌హీరోల టీమంతా ఒక్క రాత్రిలో చెడ్డవాళ్లైపోతే ఎవరూ నమ్మరు. వాళ్లు తీసుకునే మొదటి తప్పుడు నిర్ణయం చదివేవాళ్లకి కూడా సరైనదే అనిపించాలి. 1985లో కామిక్స్ సంస్థ మార్వెల్ మొదలుపెట్టిన 12 సంచికల కామిక్ ‘స్క్వాడ్రన్ సుప్రీమ్’ చూడండి, అందులో హీరోలు ఆకలీ నేరాలూ యుద్ధాలూ లేకుండా చేస్తామంటూ అధికారం చేతిలోకి తీసుకుంటారు, జనం దగ్గరున్న తుపాకులు లాగేసుకుంటారు, చివరికి నేరస్తుల మనసుల్నే యంత్రంతో మార్చేసేదాకా వెళ్తారు. ప్రతి మెట్టుకీ ఒక మంచి కారణం ఉంటుంది, నన్ను భయపెట్టేది అదే.

కాబట్టి ముందు వాళ్లు కాపాడలేకపోయిన ఒక మనిషి గురించి రాయండి. ఆ రాత్రి టీమ్‌లో ‘ఇక మనమే పాలిద్దాం’ అన్నది ఎవరు, వద్దని లేచి వెళ్లిపోయింది ఎవరు, తప్పని తెలిసీ నోరు మెదపకుండా కూర్చున్నది ఎవరు? ఎక్కువ పేజీలు ఆ మూడోవాడికే ఇవ్వండి, కథ బరువంతా వాడి మీదే ఉంటుంది. శక్తుల వివరాలకి రెండు పేరాలు చాలు.

మామూలు మనుషుల వైపు నుంచి కూడా చూపించండి. చిన్నప్పుడు ఆ హీరోలు మంటల్లోంచి ఎత్తుకొచ్చిన అమ్మాయే ఇప్పుడు ఆకాశంలో వాళ్ల చప్పుడు వినగానే లైట్లు ఆర్పేసి పిల్లల్ని దాచుకుంటే, ఇంకే ఉపన్యాసమూ అక్కర్లేదు.

చివరి పోరాటాన్ని బలంతో తేల్చకండి. వాళ్ల బలహీనత వెళ్లిపోయిన సభ్యుడికి తెలిసి ఉంటుంది కదా, దాన్ని మొదటి అధ్యాయంలోనే, వాళ్లింకా స్నేహితులుగా నవ్వుకుంటున్నప్పుడే, పాఠకుడి కంట పడనివ్వండి.